మూడు వందల ఎంబీపీఎస్ ఉన్నా మాట ఎందుకు తెగుతోంది?

హైదరాబాద్ నిజాంపేటలో మా అక్కవాళ్లది మూడు పడకగదుల ఫ్లాటు. రాత్రి తొమ్మిది దాటాక బావగారు చివరి గదిలో తలుపు వేసుకుని అమెరికా ఆఫీసు వాళ్లతో మాట్లాడతారు. మాట మధ్యలో తెగుతుంది. తెర మీద అవతలివారి ముఖం నోరు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోతుంది. ఈయన "హలో, వినపడుతోందా" అని మూడుసార్లు అడుగుతారు. ఆరు నెలలు ఓపిక పట్టి ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "మీది వంద ఎంబీపీఎస్ ప్లాను సార్, ఇంట్లో వాడకం పెరిగింది, మూడు వందలకు మారండి" అన్నారట. మారారు. బిల్లు పెరిగింది, ముఖాలు బిగుసుకుపోవడం మాత్రం ఆగలేదు.

2025 వినాయక చవితికి వాళ్లింటికి వెళ్తే, భోజనాలు కాగానే ఆయన ఫోను నా చేతిలో పెట్టి "మూడు వందలు కూడా చాలవా? ఈ కాలం ఇంటికి ఇంకెంత కావాలి?" అని అడిగారు. హాల్లో నిలబడి స్పీడ్ టెస్ట్ పెడితే 94 వచ్చింది. చివరి గదిలోకి వెళ్లి పెడితే 7.

బిల్లు మీద మూడు వందలు, హాల్లో తొంభై నాలుగు, పడకగదిలో ఏడు. ఒకే ఇంట్లో, ఒకే నిమిషంలో మూడు అంకెలు. "మన ఇంటి ఇంటర్నెట్ వేగం సరిపోతుందా" అని అడిగినప్పుడు వీటిలో దేని గురించి అడుగుతున్నామన్నదే ముందు తేలాలి.

## బిట్టు, బైటు, 'వరకు'

ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని. మనం సినిమా సైజు చూసేదేమో మెగాబైట్లలో, గిగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లు. "వంద అని చెప్పి పన్నెండే ఇస్తున్నారు" అని కస్టమర్ కేర్‌తో గొడవ పెట్టుకున్న మిత్రులు నాకు ఇద్దరున్నారు. వాళ్లను మోసం చేసింది కంపెనీ కాదు, ఎనిమిదో ఎక్కం. రెండు గిగాబైట్ల సినిమా అంటే పదహారు వేల మెగాబిట్లు. 100 ఎంబీపీఎస్‌లో అది దిగడానికి 2 నిమిషాల 40 సెకన్లు, 30 ఎంబీపీఎస్‌లో సుమారు 9 నిమిషాలు పడుతుంది.

ప్లాను పేరు పక్కన చిన్న అక్షరాల్లో 'వరకు' అని ఉంటుంది. ఒప్పందమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. 300 వరకు అంటే అంతకు మించి ఇవ్వరని కచ్చితంగా చెప్పినట్టు. ఎంతకు తగ్గకుండా ఇస్తారో చెప్పనట్టు.

పైగా ఆ అంకె దాదాపు ఎప్పుడూ డౌన్‌లోడుదే, అంటే బయటి నుంచి ఇంట్లోకి వచ్చేదానిది. ఇంట్లోంచి బయటికి పంపే అప్‌లోడు వేగం వేరు. ఈ రెండూ కాక మూడోది జాప్యం: మనం అడిగిన దానికి మొదటి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. ఆటలాడే పిల్లలు దీన్నే పింగ్ అంటారు, సెకనులో వెయ్యో వంతులైన మిల్లీసెకన్లలో కొలుస్తారు. కుళాయి గొట్టం ఎంత లావుందన్నది ఒక సంగతి, తిప్పాక నీళ్లు రావడానికి ఎంతసేపు పడుతుందన్నది మరొకటి. ఐదో అంతస్తులో ఉండేవారికి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

## ప్రభుత్వం లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ ఎంత

మన దేశంలో 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం కనీసం 256 కేబీపీఎస్ ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. అంటే ఎంబీపీఎస్‌లో నాలుగో వంతు. అప్పట్లో కొన్ని ప్లాన్లలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలోకి రాదు. అందుకని రెండింటికి అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడు మొదలుపెట్టి, మళ్లీ పడుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. 2013లో కనీస వేగాన్ని 512 కేబీపీఎస్‌కు పెంచారు. 2023 జనవరిలో టెలికాం శాఖ దాన్ని 2 ఎంబీపీఎస్ చేసింది. ఇప్పుడు నడుస్తున్నది అదే.

ఈ మార్పుకు ముందు, 2021 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సిఫార్సుల్లో ఇంకాస్త వివరం ఉంది. 2 నుంచి 50 ఎంబీపీఎస్ దాకా ప్రాథమిక బ్రాడ్‌బ్యాండు, 50 నుంచి 300 దాకా వేగవంతమైనది, 300 దాటితే అతివేగవంతమైనది అని మూడు మెట్లుగా విడదీసింది. అమెరికాలో 2015 నుంచి 25 ఎంబీపీఎస్ డౌన్‌లోడు, 3 అప్‌లోడు కొలమానంగా ఉండేది. 2024 మార్చిలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని 100, 20కి పెంచింది.

మన రెండు ఎక్కడ, వాళ్ల వంద ఎక్కడ అని నవ్వేవాళ్లు చాలామంది. వాళ్ల వాదనలో పస ఉంది. ఒక్క సినిమాను ఫుల్ హెచ్‌డీలో చూడటానికే 5 ఎంబీపీఎస్ కావాలని నెట్‌ఫ్లిక్స్ స్వయంగా చెబుతుంది. ఒక్క మనిషి ఒక్క సినిమా చూడలేని కనెక్షన్‌ను బ్రాడ్‌బ్యాండ్ ఖాతాలో రాసుకుంటే లెక్కల్లో దేశం వెలిగిపోతుంది, ఇంట్లో తెర వెలగదు. అవతలివారి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. మన బ్రాడ్‌బ్యాండ్ చందాదారుల్లో అత్యధికులు మొబైల్ మీద ఉన్నవారు. ఇంటికి తీగతో వచ్చే కనెక్షన్లు నాలుగు కోట్ల పైచిలుకు మాత్రమే. కొలమానాన్ని ఒక్కసారిగా యాభైకి పెంచితే పల్లెల్లోని కనెక్షన్లు లెక్కలోంచి పోతాయే తప్ప ఏ ఒక్కరికీ వేగం పెరగదన్నది వాళ్ల మాట. అయితే అమెరికాలో ఆ అంకె లెక్కల కోసమే కాదు. ఏ ప్రాంతానికి సరైన సేవ అందడం లేదో తేల్చడానికీ, నిధులు ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించడానికీ పనికొస్తుంది. గీత ఎక్కడ గీస్తే దాని కింద ఉన్నవాళ్లే కనబడతారు. రెండు దగ్గర గీస్తే కింద కనబడేవారు తక్కువే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ అంకెలు ఇళ్ల లెక్క తీయడానికి గీసినవి. మీ ఇంటికి ఎంత కావాలో ఇవి చెప్పవు. దానికి వేరే లెక్క ఉంది.

## రాత్రి తొమ్మిదింపావుకు ఒక ఫ్లాటు

అక్కవాళ్ల ఇంటినే తీసుకుందాం. హాల్లో పెద్ద టీవీలో ఓటీటీ సీరియల్, 4కే నాణ్యతలో. నెట్‌ఫ్లిక్స్ దీనికి 15 అంటుంది, యూట్యూబ్ 20 అంటుంది, 20 వేసుకుందాం. ఇంటర్ రెండో ఏడాది చదివే పెద్దమ్మాయికి లైవ్ క్లాసు, 4. చిన్నవాడి ఆటకు 1 వేస్తే చాలా ఎక్కువ. ఆన్‌లైన్ ఆట ఆడుతున్నప్పుడు అటూ ఇటూ వెళ్లేది మీటల నొక్కుళ్లు, బొమ్మల స్థానాలే. పెద్ద బరువేమీ ఉండదు. అక్క వంటింట్లో ఫోనులో వీడియో, 5. వాళ్ల అత్తగారు ట్యాబ్‌లో ప్రవచనం, 5. బావగారి వీడియో కాల్, 4. వెనకాల ఫోన్లు తమంతట తాము చేసుకునే అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్‌లకు ధారాళంగా 10.

కూడితే 49. ఇంట్లో అందరూ ఒకే నిమిషంలో తెరల ముందు కూర్చున్నా పాత వంద ఎంబీపీఎస్ ప్లానులో సగం ఖాళీ. టీవీని 4కే నుంచి ఫుల్ హెచ్‌డీకి దించితే 34. అప్పుడు 30 ప్లాను కూడా అంచుకు వచ్చి, నాలుగు మాత్రమే తక్కువ పడుతుంది. అలా అంచుకు వచ్చినప్పుడు ఏదీ కుప్పకూలదు. సినిమా యాప్‌లు ముందున్న కొన్ని సెకన్ల బొమ్మను ముందే తెచ్చి దాచుకుంటాయి, దారి ఇరుకైతే నాణ్యత ఒక మెట్టు తగ్గించుకుంటాయి. చూసేవారికి చాలాసార్లు తెలియదు కూడా. వీడియో కాల్‌కు ఆ సదుపాయం లేదు, అవతలివాడు ఇంకా మాట్లాడని మాటను ముందే తెచ్చి దాచుకోలేం కదా. అందుకే ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా మొదట కాల్‌లో బయటపడుతుంది.

పెద్ద ప్లాను నిజంగా తేడా చూపించేది ఒకే పెద్ద వస్తువును దింపుకునేటప్పుడు. కొత్త ఆటలు కొన్ని వంద గిగాబైట్ల దాకా ఉంటాయి. అంత ఆట దిగడానికి 30 ఎంబీపీఎస్‌లో ఏడు గంటల 24 నిమిషాలు, వందలో రెండు గంటల 13 నిమిషాలు, మూడు వందల్లో 44 నిమిషాలు. ఇదంతా ఓపిక ఖరీదు. నెలకొకసారి ఎదురుచూడలేకపోతే దానికి ఎంత చెల్లించాలన్నది ఎవరికి వారు చెప్పుకోవాలి.

## పైకి పంపే దారి

పాత టెలిఫోన్ తీగల బ్రాడ్‌బ్యాండులో కిందికి వచ్చే దారి వెడల్పు, పైకి వెళ్లే దారి ఇరుకు. అప్పటి జనం చూసేవారే తప్ప పంపేవారు కారు కాబట్టి అది సమంజసమే. ఇప్పుడు ప్రతి ఫోనూ ఒక కెమెరా, ప్రతి కెమెరా ఫొటోలను ఎక్కడో ఒకచోట దాస్తుంది. గుమ్మం ముందు సీసీటీవీ దృశ్యాలు క్లౌడ్‌కు వెళ్తుంటే ఒక్కో కెమెరాకు రోజంతా ఒకటి రెండు ఎంబీపీఎస్ పైకి పోతూనే ఉంటాయి. ఫైబర్ తీగలో రెండు దారులూ సమానంగా ఇవ్వడం కష్టం కాదు, కొన్ని ప్లాన్లలో ఇస్తున్నారు కూడా. ఇవ్వని ప్లాన్లూ ఉన్నాయి. ఆ అంకె ప్రకటనలో పెద్దగా కనబడదు.

పెళ్లిళ్ల వీడియోలు తీసే కుర్రాడి సంగతి చూడండి. ఇరవై గిగాబైట్ల ఫుటేజి ఎడిటర్‌కు పంపాలి. అప్‌లోడు 10 ఎంబీపీఎస్ అయితే నాలుగు గంటల 27 నిమిషాలు. వంద అయితే 27 నిమిషాల లోపే. అతనికి డౌన్‌లోడు మూడు వందలున్నా మూడు వేలున్నా ఈ లెక్క మారదు.

ఇరుకు దారిలో ఇంకో చిక్కుంది. తిరుపతి వెళ్లి వచ్చిన రోజు ఫోను వైఫై తగలగానే ఐదు వందల ఫొటోలను పైకి నెట్టడం మొదలుపెడుతుంది. రూటరు వాటిని వరసలో నిలబెడుతుంది. అదే సమయంలో బావగారి మాట తాలూకు చిన్న ముక్క బయలుదేరుతుంది. అది ఎంత తేలికైనదైనా ఒకే వరస కాబట్టి వెనకాల నిలబడాల్సిందే. ఒక్క మాట అడిగి పోదామని వచ్చిన మనిషి సర్వదర్శనం క్యూలో ఇరుక్కున్నట్టు. పది మిల్లీసెకన్లలో వెళ్లాల్సింది వందల మిల్లీసెకన్లకు చేరుతుంది, మాట తెగుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఈ స్థితిలో డౌన్‌లోడు టెస్టు పెడితే అంకె చక్కగానే రావచ్చు. చిన్న ముక్కలను ముందు పంపేలా వరసను సర్దే తెలివి కొన్ని కొత్త రూటర్లలో ఉంటుంది. కంపెనీలు ఉచితంగా ఇచ్చే పెట్టెల్లో అరుదు.

## బంతి భోజనాల లెక్క

మీ ఇంటికి వచ్చే ఫైబర్ నేరుగా కంపెనీ దాకా మీ ఒక్కరికోసమే పోదు. వీధి చివర స్తంభానికి తగిలించిన చిన్న పెట్టెలో ఒక తీగ 32గానో 64గానో చీలుతుంది. మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ అసలు తీగ సామర్థ్యం డౌన్‌లోడుకు సుమారు 2,500 ఎంబీపీఎస్. ముప్పై రెండు ఇళ్లు ఒకే క్షణంలో పూర్తి వేగం అడిగితే ఇంటికి 78 వస్తుంది. అరవై నాలుగు అయితే 39. ఆ ఇళ్లన్నింటికీ మూడు వందల ప్లాను అమ్మి ఉండవచ్చు.

ఇది మోసమా? పెళ్లిలో భోజనాల హాలు రెండు వందల మందికే ఉంటుంది, ఎనిమిది వందల మంది తిని వెళ్తారు. అందరూ ఒకే బంతిలో కూర్చోరన్న నమ్మకం మీద ఆ పెళ్లి జరుగుతుంది. నెట్‌వర్కు కూడా అంతే. వీడియో చూసే ఇల్లు కూడా సెకను సెకనుకూ లాగదు, గుక్కలు గుక్కలుగా లాగుతుంది. 2009లో ట్రాయ్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇళ్లకు ఒకటికి యాభై వరకు ఇలా పంచుకోవచ్చని ఉంది. పంచుకోవడం తప్పు కాదు. వంట ఎందరికి చేశారన్నదే ప్రశ్న. మూడు వందల మంది చందాదారులున్న స్థానిక ఆపరేటరు పైనుంచి ఒక్క గిగాబిట్, అంటే వెయ్యి ఎంబీపీఎస్, కొని నడిపిస్తుంటే మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. ఐపీఎల్ ఫైనల్ రాత్రి తెలుస్తుంది. అందరూ ఒకేసారి అడిగితే మనిషికి మూడు ఎంబీపీఎస్ పైచిలుకు వస్తుంది.

"యూట్యూబ్ బాగానే వస్తుంది, ఆఫీసు పనే రాదు" అన్న ఫిర్యాదు చాలామందిది. దానికీ కారణం ఉంది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వంటివి తమ వీడియోల నకళ్లను ఇంటర్నెట్ కంపెనీల కేంద్రాల్లోనే ఉంచుతాయి. ఆ వీడియో మీకు ఊళ్లోంచే వస్తుంది. ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్లకు కలిపే వీపీఎన్ అలా కాదు, ఇంటర్నెట్ కంపెనీ సరిహద్దు దాటి బయటికి పోవాలి. రద్దీ ఉండేది ఆ సరిహద్దు దగ్గరే. స్పీడ్ టెస్టు కూడా చాలాసార్లు దగ్గర్లోని సర్వరును, ఒక్కోసారి అదే కంపెనీ సర్వరును ఎంచుకుంటుంది. ఇంటి నుంచి వీధి చివరి దాకా రోడ్డు బాగుందని అది చెప్పే మాట నిజమే. హైవే సంగతి దానికి తెలియదు.

## గోడలు, బీరువాలు, తొంభై నాలుగు

ఇంతవరకు చెప్పినవన్నీ నిజమే కానీ, నాకు తెలిసిన ఇళ్లలో సగానికి పైగా ఫిర్యాదులు గుమ్మం లోపలే పుట్టినవి.

అక్కవాళ్ల ఇంట్లో తీగ గుమ్మం పక్కనుంచి వస్తుంది. కాబట్టి ఫైబర్ పెట్టె, రూటరు రెండూ చెప్పుల స్టాండు పైన. బిగించిన అబ్బాయికి తీగ అక్కడితో అయిపోయింది, ఆయన పని కూడా. అక్కడి నుంచి చివరి గదికి మధ్య రెండు ఇటుక గోడలు, ఒక కాంక్రీటు స్తంభం, టైల్సు అంటించి లోపల గొట్టాలు పోయే స్నానాల గది గోడ ఉన్నాయి. ఆ గది గోడకు ఆనించి అక్క పెళ్లినాటి ఇనుప బీరువా, దానికి నిలువుటద్దం. రేడియో తరంగాలకు ఇనుము తలుపు వేసినట్టే. అద్దం వెనక లోహపు పూతా అంతే.

వైఫై సాధారణంగా రెండు పట్టీల్లో నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ దాటగానే నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు మూడే. ఆ గదిలో నా ఫోను తెరిస్తే చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లు ముప్పై ఒకటి కనిపించాయి. మూడు కిటికీల ముందు ముప్పై ఒక్కమంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి. వైఫై పద్ధతే అది. దూరంగా ఉన్న ఫోనుకు 5 అందక తనంతట తాను 2.4కు జారిపోతుంది. పైగా గదిలో ఏదైనా పాత పరికరం నెమ్మదిగా మాట్లాడుతుంటే అది గాలిని ఎక్కువసేపు ఆక్రమించి, వేగంగా మాట్లాడగలవాటినీ ఆపుతుంది. ఏడు ఎంబీపీఎస్ రహస్యం ఇంతే. ప్లాను వందైనా మూడు వందలైనా వెయ్యైనా ఆ గదిలో ఏడే.

మరి హాల్లో రూటరు ఎదురుగా 94 ఏమిటి? ఆ అంకె చూడగానే నాకు నవ్వొచ్చింది. ఈ లోకంలో తిరిగేవాళ్లకు అది పాత పరిచయం. కొంచెం పాత, చవక రూటర్లలో తీగ గుచ్చే రంధ్రాల గరిష్ఠ వేగమే 100. అందులో ఐదారు శాతం ముక్కల మీద చిరునామాలు రాయడానికి పోతుంది. మిగిలేది తొంభై నాలుగో, తొంభై ఐదో. రూటరు మంచిదైనా తీగ చెడ్డదైతే ఇదే జరుగుతుంది. నెట్‌వర్కు తీగలో ఎనిమిది సన్నటి పోగులుంటాయి. వంద వేగానికి నాలుగు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. ఆ అదనపు నాలుగింటిలో ఒక్క పోగు విరిగినా రెండు పెట్టెలూ గప్‌చుప్‌గా వందకు దిగిపోతాయి. ఎర్రలైటు వెలగదు, ఎవరూ చెప్పరు. అక్కవాళ్లది మొదటి రకం. ఆరేళ్ల కిందటి రూటరు. మూడు వందలు పెట్టె దాకా వచ్చి ఆ రంధ్రం దగ్గర ఆగిపోతున్నాయి. నెలనెలా అదనంగా కట్టిన డబ్బంతా ఆ రంధ్రం మింగింది.

పక్క ఫ్లాటు వాళ్ల దగ్గర పొడవాటి నెట్‌వర్కు తీగ అడిగి తెచ్చి, నేల మీద లాగి, బావగారి ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చి చూశాం. చివరి గదిలో 94. ప్లాను మారలేదు, రూటరు మారలేదు.

## డాలస్ దూరం

తీగ గుచ్చాక కూడా బావగారికి ఒక అసంతృప్తి మిగిలింది. డాలస్‌లో ఉన్న సహోద్యోగితో మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోయి, "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకుంటారు. దీనికి ఏ ప్లానూ మందు కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు తిన్నగా గీత గీస్తే సుమారు పద్నాలుగు వేల కిలోమీటర్లు. వెళ్లి రావడానికే 140 మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా పోవు, ముంబైలోనో చెన్నైలోనో సముద్రంలోకి దిగి చుట్టూ తిరిగి పోతాయి కాబట్టి మామూలుగా రెండు వందలు దాటుతుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో డేటా కేంద్రంతో పాటు సముద్ర తీగల ద్వారం కూడా పెడతామని ప్రకటించింది. అది వస్తే మన వైపు నుంచి ప్రపంచానికి దారులు పెరుగుతాయి, ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది. డాలస్ మాత్రం ఎక్కడున్నది అక్కడే.

## పల్లెలో ప్రశ్నే వేరు

నిజాంపేటలో వందా మూడు వందలా అని తర్జనభర్జన పడుతుంటే, చాలా ఊళ్లలో అసలు తీగ వస్తుందా అన్నదే ప్రశ్న. రెండు తెలుగు రాష్ట్రాలు దీనికి రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇస్తామన్నారు. తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేసింది. స్తంభాల దారి చవక, త్వరగా అవుతుంది. తుపాను వస్తే ముందు పోయేదీ అదే. భూమిలో వేసింది నిలుస్తుంది, కానీ ఎక్కడ తెగిందో వెతకడానికి మళ్లీ తవ్వాలి. పంచాయతీలకు ఫైబర్ చేర్చే భారత్‌నెట్‌ను సవరించి కొనసాగించడానికి కేంద్రం 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ ఇళ్లలోకి రావడమే అసలు మజిలీ.

"ఇంట్లో మూడు ఫోన్లున్నాయి, 5జీ ఉంది, మళ్లీ తీగ ఎందుకు" అనేవారున్నారు. వేగం వరకే చూస్తే వాళ్లది నిజం. టవరు దగ్గరుంటే ఫోనులో వందలకొద్దీ ఎంబీపీఎస్ వస్తాయి. తేడా పరిమాణంలో ఉంది. హెచ్‌డీ సినిమా గంటకు మూడు గిగాబైట్ల దాకా తింటుంది, 4కే అయితే ఏడు. రోజుకు రెండు గిగాబైట్ల పరిమితి ఉన్న ప్యాకైతే సుమారు నలభై నిమిషాల్లో ఐపోతుంది. 30 ఎంబీపీఎస్ తీగ వేగంలో దానికంటే వెనకబడినా రాత్రంతా టీవీ నడుపుతుంది. 5జీ సంకేతాన్ని ఇంటి పైకప్పు మీది పెట్టెతో పట్టి వైఫైగా ఇచ్చే సేవ మధ్యేమార్గం. జియో 2023 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. తీగ రాని వీధికి అది వరమే. టవరు కింద ఎందరున్నారన్న దాన్ని బట్టి దాని వేగం పూటపూటకూ మారుతుంది.

## ఎక్కువే మంచిదనే వాదన

హైదరాబాద్‌లో ఒక గిగాబిట్ ప్లాను ఏసీటీ సంస్థ 2017లోనే తెచ్చింది. ఇళ్లలో దానికి పనేమిటని అప్పుడూ అడిగారు. పెద్ద ప్లాన్ల పక్షాన మాట్లాడేవారు 256 కేబీపీఎస్ రోజులను గుర్తుచేస్తారు. అప్పుడు అది చాలన్నవాళ్లే పదేళ్లకు నవ్వుకున్నారు, ఇప్పుడు వంద చాలన్నా అంతే అంటారు. వాడకం పెరుగుతుందన్నది నిజం. అయితే ఫైబర్‌కు ఒక గుణం ఉంది. తీగ మార్చకుండా, గోడ తవ్వకుండా ఒక్క ఫోన్ కాల్‌తో వేగం పెంచుకోవచ్చు. రేపటి అవసరం అన్న వాదన ఫైబర్ వేయించుకోవడానికి బలమైన కారణం. రేపటి ప్లానుకు ఈరోజే డబ్బు కట్టడానికి అది కారణంగా నాకు కనబడదు. 2020 సెప్టెంబరు నుంచి జియో అమలు చేసిన ధరల్లో, జీఎస్టీ కాక, 30 ఎంబీపీఎస్ 399 రూపాయలు, 100 అయితే 699, 300 అయితే 1,499. ముప్పై నుంచి వందకు వెళ్తే పై లెక్కలోని ఫ్లాటుకు తేడా తెలుస్తుంది. వంద నుంచి మూడు వందలకు ఎనిమిది వందల రూపాయలు పెడితే తెలిసేది ఆటలు దింపుకునేవాడికీ, అప్‌లోడు కూడా పెరిగితే వీడియోలు పంపేవాడికీ, ఒకే కప్పు కింద పదిమంది ఉండే హాస్టలుకూ.

## తీగే లేని వారం

వేగం లెక్కలన్నీ తీగ ఉన్నప్పటివి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో కరెంటు స్తంభాలకు వేలాడే కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కత్తిరించడం మొదలుపెట్టారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ చిక్కుముళ్లలో ఏ తీగ బతికి ఉందో, ఏది ఎప్పుడో చచ్చిందో కింద నిలబడి ఎవరూ చెప్పలేరు. ప్రాణాలు పోయాక కత్తిరించారని కొందరు, నోటీసు లేకుండా కత్తిరించారని కొందరు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

అక్కవాళ్ల వీధిలో తీగ కూడా తెగింది. మూడు వందల ప్లాను నాలుగు రోజులు సున్నా. ఆ నాలుగు రాత్రులూ బావగారు ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని, దాన్ని ల్యాప్‌టాప్ పక్కనే ఉంచుకుని అమెరికాతో మాట్లాడారు. స్పీడ్ టెస్టులో ఐదు ఎంబీపీఎస్ మించి ఎప్పుడూ చూపించలేదట. కాల్ ఒక్కసారి కూడా తెగలేదట.